మస్కట్ దూరమా... అడవి దూరమా?

మా చిన్నప్పుడు... ఒక పొద్దున ఖమ్మం దగ్గర వైరాల మా ఇంటి వసారాల పెద్ద పంచాయితీ నడిచింది. మా చిన్నత్త విమానమెక్కుతనన్నది!

చిన్నత్త అంటే మా నాయిన చెల్లె. నర్సు. భద్రాచలం దాటినంక అడవిల ఒక చిన్న దవాఖానల పనిచేసేది. పెండ్లి మాటెత్తితే నవ్వుకుంట లేచి లోపలికి పోయేది... మస్కట్ల పెద్ద దవాఖానల నౌకరి వచ్చిందని, వచ్చే నెలనే పోతనని ఆ పొద్దు చెప్పింది.

మా పెద్దనాయిన చేతిల చాయ్ గ్లాసు కింద పెట్టిండు. "ఆడపిల్లవు... అంత దూరం ఏందే? సముద్రం అవతల! ఇంట్ల ఏమన్నయితే ఎట్ల వస్తవ్?"

నేనప్పుడు ఏడో తరగతి. ఉరికిపోయి నా అట్లాసు తెచ్చిన. నాయినమ్మ పూలు గుచ్చే దారం తీసుకొని, విమానమెక్కే బొంబాయి మీద ఒక కొస, మస్కట్ మీద ఒక కొస పెట్టి కొలిచిన. కింద స్కేలు చూసి లెక్కగట్టి గట్టిగ చెప్పిన... "పెద్దనాయినా, పదిహేను వందల కిలోమీటర్లకు కొంచెం ఎక్కువ. అంతే!"

"అంతేనా?" అని పెద్దనాయిన ఉరిమి చూసిండు. "నడుమ సముద్రమున్నది, కనబడ్తలేదా?"

అప్పుడు చిన్నత్త లేచి నిలబడ్డది. గొంతు పెంచలే...

"గోదారి గూడ నడుమనే ఉండె గద అన్నా. బొంబాయిల విమానమెక్కితే మూడు గంటల్లోపట మస్కట్ల దిగుతరట. నా దవాఖాన నుంచి ఇంటికి రావాల్నంటే అడవిల నడవాలె, రెండు బస్సులు మారాలె... పొద్దున బయల్దేరితే దీపాలు పెట్టే యాళ్ళయితది. నన్ను ఆడికి పంపినప్పుడు దూరమని ఎవ్వరన్నరు?"

చిన్నత్త పెద్దనాయిన దిక్కే చూసుకుంట మళ్ళ అన్నది...

"మన నాయిన పోయినప్పుడు నేను ఈ జిల్లాల్నే ఉన్న. గోదారి పొంగి తొవ్వలన్ని మునిగినయ్. నేనొచ్చేసరికి బూడిదే మిగిలింది... దగ్గరుండి ఏం జేసిన అన్నా?"

ఆ మాటకు నాయినమ్మ కొంగుతోటి కండ్లు తుడుసుకున్నది. పెద్దకొడుకు దిక్కు తిరిగి ఒక్కటే మాట... "అది పోతది. నువ్వే ఖమ్మం స్టేషన్ దాక దింపి రా."

దింపి వచ్చిండు. రైలు కదులుతుంటే కిటికీల నుంచి పల్లీల పొట్లం అందించిండట.

కొన్నేండ్లకు నాయినమ్మ మంచం పట్టింది. ఖమ్మంల దవాఖానకు తీస్కపోయి మస్కట్‌కు ఫోన్ చేసినం... తెల్లారి సాయంత్రానికల్ల చిన్నత్త మంచం పక్కన ఉన్నది! అక్కడి నర్సులను జరగమని తనే తల దువ్వింది, బార్లీ నీళ్ళు తాగించింది. నాయినమ్మ బిడ్డ చెయ్యి పట్టుకొనే కన్నుమూసింది.

హైదరాబాదుల ఉన్న మనుమడు, మా పెద్దనాయిన కొడుకు, చిన్నత్త వచ్చినంకనే వచ్చిండు. ఈ సంగతి ఇప్పటికీ అందరికి చెప్తుంట... కావాల్ననే చెప్తుంట!

ఇప్పుడు ఫోన్ల రెండు ఊర్ల పేర్లు కొడితే చాలు... ఎంత దూరమో, విమానానికి ఎంత సేపో చటుక్కున చెప్తది. గని ఆడపిల్ల బయల్దేరితే "అంత దూరమా?" అనే నోళ్ళు మాత్రం ఇంకా మారలే...

మా చిన్నత్త లాంటోళ్ళు మీ ఇండ్లల్ల గూడ ఉండే ఉంటరు. వాళ్ళు ఎక్కడికి పోయిన్రో, ఎవరికి ఎదురుచెప్పి పోయిన్రో కింద రాయుండ్రి... కూసొని అన్నీ చదువుత.