బూడిదతో తోమిన బిళ్ల

ఏజెన్సీ కొండల్లో ఉద్యోగం చేసే ప్రతి మనిషికీ 'సేవ' అనే మాట తగిలించడం మనకు అలవాటు. నీలవేణి సేవ చేయడం లేదు. హుకుంపేట మండలంలోని ఒక ఆరోగ్య కేంద్రంలో కాంట్రాక్టు ల్యాబ్ టెక్నీషియన్. పదకొండేళ్లుగా జనం వేళ్లు గుచ్చి గుచ్చి విసిగిపోయింది. ఆ విసుగును దాచుకోదు కూడా.

వానాకాలానికి ముందు ఒక యూనివర్సిటీ వాళ్లు సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తపు జబ్బు పరీక్షకని టిఫిన్ డబ్బా అంత యంత్రం తెచ్చి ఆమెకు అప్పజెప్పారు. అందులో పెట్టే ప్లాస్టిక్ బిళ్ల మీద వెంట్రుకంత సన్నటి కాలువ ఉంటుంది. పైన పల్చటి ఫిల్మ్ అంటించి, కాలువను మందు కలిపిన నీటితో నింపి, ఒక చివర రక్తపు చుక్క వేసి కరెంటు పెడితే అది రెండో చివరకు పాకుతుంది. మామూలు రక్తం ముందు చేరుతుంది, సికిల్ రక్తం వెనకబడుతుంది. యంత్రం చూసేది ఆ టైమే.

ఆగస్టుకు బిళ్లలు అయిపోయాయి. ప్రాజెక్టు చూసే శ్రీకాంత్ ఫోన్‌లో, "కొత్తవి రావడానికి టైం పడుతుంది మేడం, ఉన్నవే కడిగి వాడండి" అన్నాడు. ఎలా కడగాలో చెప్పలేదు. నెత్తుటి మరక నీళ్లకు పోలేదు. నీలవేణి పొయ్యిలో బూడిద తీసి, పల్చటి గుడ్డలో జల్లించి, దానితో తోమింది. ఆమెకు తెలిసినంతలో బూడిద కన్నా మెత్తనిది లేదు.

నవంబరులో ఒకేరోజు ముగ్గురికి వరసగా జబ్బని వచ్చేసరికి అనుమానమొచ్చి తన వేలే గుచ్చుకుంది. ట్రైనింగ్‌లో విశాఖలో చేసిన పరీక్షలో ఆమెది మామూలు రక్తమే. యంత్రం మాత్రం ఆమెకూ జబ్బేనంది.

"దేంతో తోమారు మేడం?" అని అడిగాడు శ్రీకాంత్, ఆమె ఫోన్ చేసి చెప్పగానే.

"బూడిదతో. జల్లించిందే సార్."

"మూడేళ్ల నుంచి నేను థీసిస్ రాస్తున్నది దాని మీదే."

"బూడిద మీదా?"

"కాలువ గోడ గరుకైతే ఏమవుతుందన్న దాని మీద."

"మరి కడగమన్నప్పుడు ఆ ముక్క చెప్పొచ్చు కదా సార్."

అప్పుడు చెప్పాడు. ఆ కాలువలో నీటిని తోయడానికి పంపు లేదు. కరెంటు పెట్టగానే గోడను అంటిపెట్టుకున్న పల్చటి నీటి పొర ముందు కదులుతుంది, మిగతా నీటిని అదే లాక్కుపోతుంది. గోడ మీద గీతలు పడితే వాటి గుంటల్లో నీరు సుడి తిరుగుతూ ఉండిపోతుంది, ప్రవాహం మందగిస్తుంది. మామూలు రక్తం కూడా ఆలస్యంగా చేరుతుంది. యంత్రం దాన్ని సికిల్ అనుకుంటుంది.

డిసెంబరులో ఆర్టీసీ పార్సిల్‌లో పన్నెండు కొత్త బిళ్లలు వచ్చాయి. ఒకటి తన రక్తానికే వాడి చూసుకుంది. మామూలే. తోమిన బిళ్లలతో జబ్బని చెప్పినవాళ్లు రిజిస్టరులో పదకొండు మంది. మిగిలినవీ పదకొండే. యంత్రం సంచిలో వేసుకుని కొండెక్కింది.

మొదటి పేరు చిట్టి, తొమ్మిదో తరగతి. ఆమె అన్న రెండేళ్ల కిందట ఇదే జబ్బుతో పోయాడు. అందుకే, చిట్టికీ ఉందని వినగానే వాళ్లమ్మ రమణి పిల్లను ఆశ్రమ పాఠశాల నుంచి తెచ్చేసుకుంది. నాలుగు నెలలవుతోంది.

రమణి కళ్లంలో చోళ్ల కంకులు కర్రతో నూరుస్తోంది. సంగతి విని కర్ర ఆపింది.

"రోగముందని సెప్పింది నువ్వే. ఇప్పుడు లేదేమోనంటన్నావు. మతి పోయింది నీ పెట్టికా, నీకా అప్పా?"

"నాకే. బిళ్లని బూడిదెట్టి తోమీసినాను."

"బూడిదెడితే గిన్ని మెరుత్తాది."

"గిన్ని మెరుత్తాది. ఇది పాడైపోనాది."

"ఇదీ తోమిందే కాదని నానెలా నమ్మీది?"

నీలవేణి కొత్త ప్యాకెట్టు ఆమె చేతికే ఇచ్చి చింపమంది. చిట్టి ఎవరూ అడక్కముందే వేలు చాపింది. కొన్ని నిమిషాలకు ఫలితం వచ్చింది.

"జబ్బు లేదు. నీకున్నట్టు ఒంట్లో సగం గుణముంది, అంతే. పడుకోబెట్టీది కాదు."

"సగమేటి?"

"అమ్మ, అయ్య ఇద్దరి కాడ్నుంచీ వత్తేనే జబ్బు, దీనికి ఒక్కరి కాడ్నుంచే వచ్చింది. నువ్వు బస్తాలు మొయ్యట్లేదా? అంతే."

రమణి సంతోషించలేదు. కొడుకును పోగొట్టుకున్న మనిషి ఒక యంత్రం మాట మీద వెంటనే నవ్వాలనుకోవడం మన సినిమా బుద్ధి. "ఇంకోపాలి సూడు. రెండుపాల్లూ ఒకటే వత్తే బడికంపుతాను" అంది.

ఇంకా పది బిళ్లలు, పది పేర్లు. కాదంటే పిల్ల ఇంట్లోనే ఉండిపోతుంది. తప్పు తనది. నీలవేణి రెండో ప్యాకెట్టు ఇచ్చింది.

అదే ఫలితం.

"నీ ట్రంకుపెట్టె దింపు" అంది రమణి కూతురితో. "మాపటేలకి బస్సుంది."

"నాలుగు నెలల లెక్కలు ఎవరు సెప్తారు?" అంది చిట్టి అటక కిందకు స్టూలు లాక్కుంటూ.

నీలవేణి గట్టు మీద కూర్చుని రిజిస్టరు తీసింది. చివరి పేరు బుధుది, అరవై దాటిన మనిషి; ఇక ఆయనకు బిళ్ల మిగలదు. దాని పక్కన 'పాడేరు ఆస్పత్రి' అని రాసింది. బుధు ఒక్కడూ బస్సెక్కడు. సోమవారం సెలవు పెట్టి తనే తీసుకెళ్లాలి. ఆ సెలవు ఇవ్వరు, ఆ రోజు జీతం పోతుంది. యంత్రం సంచి భుజానికెత్తుకుని తర్వాతి ఇంటికి బయల్దేరింది.