గట్టమ్మ చేతిలో సీసా

రఘునాథపల్లి దగ్గరి ఒక పల్లెలో, లైసెన్సు లేకుండా మందు అమ్మే బెల్టు షాపు మూతపడింది గట్టమ్మ నోటి పుణ్యానే. సంఘం ఆడవాళ్లను వెంటేసుకుని ఆమె షాపు ముందు కూర్చుంటే తాగుబోతులు సందులు పట్టేవాళ్లు. ఆటో నడిపే ఎర్రయ్య అయితే గోడలు దూకేవాడు.

ఊరికి ఆమె గయ్యాళి. ఆమె మొగుడు కట్టయ్య తాగి తాగి, కడుపు పట్టుకుని ముందుకు వంగి, అట్లాగే పోయాడు. గ్యాసనుకుని సోడాలు తాగించారు. అప్పటినుంచీ గట్టమ్మకు సీసా అంటే పగ.

అట్లాంటి మనిషికి ఒకనాడు పత్తి ఏరుతుండగా బొడ్డు పైన నొప్పి లేచింది. వీపులోకి పొడుచుకుపోయింది. వంగితే కాస్త నయం, పడుకుంటే ప్రాణం పోయినంత పని. మొగుడు పోయింది కళ్లారా చూసినా గట్టమ్మ కూడా గ్యాసనుకుని సోడానే తాగింది. తాగింది తాగినట్టు వాంతయింది. ఇక ఎర్రయ్య ఆటో తప్ప దిక్కు లేకపోయింది.

జనగామ దవాఖానలో డాక్టర్ షారోన్ పొట్ట నొక్కి చూసి, "అమ్మా, మందు అలవాటుందా?" అంది.

గట్టమ్మ నొప్పి కూడా మరిచిపోయింది. "గా మాట నన్నే అడుగుతున్నవా బిడ్డా?"

"అందరినీ అడుగుతాం. పాంక్రియాస్, అదే పొట్ట వెనకుండే గ్రంథి, వాచినట్టుంది. తాగుడుతో వస్తుంది, పిత్తాశయం, అదే గాల్‌బ్లాడర్‌లో రాళ్లతోనూ వస్తుంది. రక్తపరీక్ష, స్కానింగ్ చేస్తే తెలుస్తుంది."

ఎర్రయ్య చెవికి మొదటి సగమే ఎక్కింది. ఆ సగాన్నే ఊరంతా పంచాడు. షాపు మళ్లీ తెరుద్దామని మగవాళ్లు గుసగుసలు మొదలుపెట్టారు. సంఘం వాళ్లు కూడా ఫోన్ చేసి, "అక్కా, నిజమేనా?" అని నసిగారు. గట్టమ్మకు ఆ మాట నొప్పికన్నా ఎక్కువ తగిలింది. ముఖం గోడవైపు తిప్పుకుని ఏడ్చింది.

పరీక్షల్లో రాళ్లే దొరికాయి. ఒకటి జారి పాంక్రియాస్ రసం పోయే దారికి అడ్డం పడిందట. నరానికి సెలైన్, నొప్పికి సూదులు, నోటికి మాత్రం ఏమీ వద్దన్నారు. తిండి మానింది గానీ నర్సులను తిట్టడం మానలేదు. వాపు తగ్గాక జావ పట్టించి, చిన్న కోతలతో ఆపరేషన్ చేసి గాల్‌బ్లాడర్ తీసేశారు. రాళ్లను ఆమె అడిగి మరీ తెచ్చుకుంది.

ఊరికొచ్చిన రోజే షాపు అరుగు మీద కూర్చుంది. గట్టమ్మ చేతిలో సీసా అనగానే ఊరు ఊరంతా దిగింది. లోపలి రాళ్లు గలగలమనేలా ఆమె దాన్ని ఆడించింది.

"సూడుండ్రి, గిదే నేను తాగిన మందు!"

అందరూ నవ్వారు. ఎర్రయ్య ఒక్కడే ఆటో హ్యాండిల్ మీదికి వంగి కూర్చున్నాడు, నవ్వలేదు. గట్టమ్మ సీసా పక్కన పెట్టి దగ్గరికి వెళ్లింది.

"ఏందిరా?"

"గ్యాసవ్వా. సోడా తాగిన."

"నొప్పి వీపులకు పోతుందా? వంగితే జర నయముందా?"

ఎర్రయ్య తలూపాడు. ఆమె గొంతులో ఎప్పటి గదమాయింపు లేదు.

"మందు అలవాటుందా, బిడ్డా?"

ఊరంతా చూస్తుండగా, ఎర్రయ్య మొదటిసారి గోడ దూకలేదు.

"ఉందవ్వా."

"ఎన్క సీటుకు జరుగు. ఎవలన్న ఆటో తియ్యుండ్రి, జనగామ పోదాం," అని గట్టమ్మ అతని పక్కన ఎక్కి కూర్చుంది.