గాజులో దూరని బంతి

కుక్కకు బంతి ఏదైతేనేం అనే మనుషులంటే నాకు మొదటినుంచీ చులకన. అలాంటివాళ్లు చెప్పులు కొనడానికి పోయినా పాదాల వంక చూసుకోరు. ముప్ఫై ఏళ్లకు పైగా జమ్మలమడుగు చుట్టుపక్కల బళ్లలో డ్రిల్లు మాస్టరుగా పనిచేశాను. నా చేతుల మీదుగా ఎన్ని బంతులు పోయాయో లెక్క లేదు. గాలి తగ్గిన ఫుట్‌బాలును గోడ అవతల నుంచి చప్పుడు విని చెప్పేవాణ్ణి. బంతి గురించి నాకు ఇంకొకరు చెప్పాలా అన్న గర్వం నాకుండేది. ఆ గర్వానికి ఏం జరిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

హాస్టల్లో ఉండి నా దగ్గర చదువుకున్నవాడొకడు ఇప్పుడు పులివెందులలో పెద్ద మనిషి. చదువుకున్నాడని మర్యాదకు అంటున్నాను. ఆటల పీరియడంతా చెట్టు నీడలో కూర్చుని మిగతావాళ్ల చెప్పులకు కాపలా కాసేవాడు. ఇప్పుడు వాడికి లింగాల దగ్గర చీనీ, అంటే బత్తాయి తోటలు, ఊళ్లో రెండంతస్తుల ఇల్లు, వాకిట్లో తెల్ల కారు. ఆ కారు పక్కన నిలబెట్టడానికి ఒక కుక్క కావలసి వచ్చింది. బెంగళూరు నుంచి లాబ్రడార్ పిల్లను తెప్పించాడు. పిల్లగా ఉన్నన్నాళ్లు ఇంటిల్లిపాదీ దాన్ని ఒళ్లో పెట్టుకుని ఫోటోలు దిగారు. ఏడాది తిరిగేసరికి అది దూడంత అయింది. పూలకుండీలు పడదోసింది, సోఫా చీల్చింది. ఒకరోజు పార్టీ కండువా నమిలి సగం మింగింది. కుండీలకూ సోఫాకూ రాని కోపం వాడికి కండువాతో వచ్చింది.

ఒక ఆదివారం నేను గుడి నుంచి వచ్చేసరికి కారు మా ఇంటి ముందు ఆగి ఉంది. వెనక సీట్లోంచి కుక్క తల బయట పెట్టి వీధి మొత్తాన్నీ పలకరిస్తోంది.

"సార్, దీంతో శానా కష్టంగా ఉండాది. ఒక్క నిమిసం నిలవదు," అన్నాడు వాడు. "మా మాదిరి కోతులనే దారికి తెచ్చినోరు మీరు. మూడు నెల్లు పెట్టుకోండి. దారికొస్తే ఇంటికి తీస్కపోతా. రాకుంటే తోటలో గొలుసుకు కట్టేస్తా. ఆడ దొంగల భయముండాది."

"గొలుసు ఎంత పొడవు?"

"రెండు బారలుంటాది సార్," అన్నాడు, గొప్ప చెప్పుకుంటున్నట్టు.

కుక్కల మీద ప్రేమ ఉండి నేను ఒప్పుకోలేదు. ఆ రెండు బారలన్న మాట వినలేక ఒప్పుకున్నాను. పరుగెత్తడానికే పుట్టిన ప్రాణిని పరుగెత్తనీయకుండా కూర్చోబెట్టి, అది నిలవడం లేదని ఫిర్యాదు చేసేవాడిని ఏమనాలి. వాడు పోయాక నాలో నేను అన్నాను, అది ఇక్కడ రాయదగింది కాదు.

మా ఆవిడ కొండాపురం వైపు మనిషి. ఆమె పుట్టిన ఊరు గండికోట ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోయింది. బర్రెల మధ్య పెరిగింది కాబట్టి పని చేయని జంతువును ఆమె గౌరవించదు.

"ఇదేం చేస్తాది?" అని అడిగింది.

"పరుగెత్తుతాది."

"పరుగెత్తినాక?"

"తిరిగొస్తాది."

"అంతేనా," అని లోపలికి వెళ్లిపోయింది.

తెల్లవారగానే దాన్ని పెన్న ఇసుకలోకి తీసుకుపోయేవాణ్ణి. మా పెన్నలో ఏడాదిలో ఎక్కువ నాళ్లు నీళ్లుండవు, పరుగుకు అంతకంటే మంచి మైదానం ఉండదు. మొదట వీధి పిల్లలు మా మిద్దె మీద పోగొట్టుకున్న టెన్నిస్ బంతితో మొదలుపెట్టాను. కుక్క దాన్ని ప్రాణంగా పట్టుకుంది. కానీ ఆ బంతికి పైన నూగు ఉంటుంది. చొంగకు తడిసి, ఇసుక పట్టి, నాలుగు రోజుల్లో గరుకు కాగితంలా తయారైంది. పట్టుకున్నప్పుడల్లా పళ్లను ఆకురాయితో రుద్దినట్టే. రెండు వారాలకు కోరపళ్ల మొనలు మొద్దుబారినట్టు కనిపించాయి. ఆ బంతిని కంపచెట్లలోకి విసిరేసి, దాన్ని తేవద్దని కుక్కకు నచ్చజెప్పడానికి అరగంట పట్టింది.

ఇసుకలో నడవడానికి వచ్చే రెవెన్యూ ఆఫీసు రిటైరు ఉద్యోగి ఒకాయన ఉచితంగా సలహా ఇచ్చాడు. ఆయన దగ్గర ఉచితంగా దొరికేది అదొక్కటే.

"కార్కు బంతి తెచ్చుకోప్పా. జీవితాంతం ఉంటాది."

"ఎవరి జీవితాంతం?" అన్నాను.

కార్కు బంతి బ్యాటుకు తగలడానికి చేసింది, పళ్లకు కాదు. ఎగిరి నోటితో అందుకున్న మొదటి రోజే ఒక పన్ను ఇసుకలో ఏరుకోవాలి. మర్నాడు అదే మనిషి పాతగుడ్డలు చుట్టి చెండు చేసివ్వమన్నాడు. కండువా మింగిన కుక్కకు గుడ్డల చెండు! రెవెన్యూ రికార్డులు ఎందుకలా ఉంటాయో నాకు అప్పుడు అర్థమైంది.

ఇక ప్రొద్దుటూరుకు బస్సెక్కాను. బంగారం అంగళ్ల బజారు దాటాక కుక్కల సామాన్ల అంగడి ఒకటి కొత్తగా పెట్టారు. లోపల ఏసీ. అంగడివాడు మన సీమవాడే అయినా నన్ను చూడగానే సినిమా తెలుగు అందుకున్నాడు.

"మీ డాగ్ ఏ కలర్ లైక్ చేస్తుందండీ?"

"అది ఇంకా చెప్పలేదు," అన్నాను.

గంట మోగే బంతి, కూసే బంతి, లైటు వెలిగే బంతి చూపించాడు. పట్టపగలు పరుగెత్తే కుక్కకు లైటు ఎందుకని అడిగితే, ఇది ఇంటర్నేషనల్ క్వాలిటీ అన్నాడు. మా కుక్కకు పాస్‌పోర్టు లేదన్నాను. వాడు నవ్వలేదు. ఒట్టి చేతులతో పోవడం ఇష్టం లేక కూసే బంతి ఒకటి కొన్నాను. అది పది నిమిషాలు కూసింది. తర్వాత కుక్క దాని పొట్ట చీల్చి, కూసే బిళ్లను బయటికి లాగింది. మింగబోయేలోపు నేను లాక్కున్నాను. ఆ అంగడిలో ఉన్న సరుకంతా కొనేవాళ్లను చూసి చేసిందే గానీ కుక్కను చూసి చేసింది ఒక్కటీ లేదు.

ఈసారి ప్రొద్దుటూరులోనే, బళ్లకు ఆట సామాన్లు కొన్న పాత అంగడికి పోయాను. ముందే ఆ పని చేయాల్సింది. గట్టి రబ్బరు బంతి, ఎర్రటిది, ఒకటి నచ్చింది. భుజం ఎత్తు నుంచి వదిలి చూశాను, నడుము దాకా లేచింది. బొటనవేలితో నొక్కాను, నొక్కినంత లోపలికి పోయి మళ్లీ పొంగింది. నూగు లేదు, కుట్టు లేదు, కూత లేదు. చివరగా గుప్పిట మూసి చూశాను, చక్కగా ఇమిడింది. బళ్లో ప్రతి ఏడూ మొదటి రోజు పిల్లలను వరుసగా నిలబెట్టి నేను చెప్పే మాట ఒకటుంది: బంతి చేతికి ఇమడాలి, ఇమడని బంతి నీది కాదు. అంగడివాడికీ అదే పాఠం చెప్పి ఇంటికి వచ్చాను.

మా ఆవిడ ఆ బంతిని అటూ ఇటూ తిప్పి చూసింది.

"శానా చిన్నగా లేదూ?"

"చిన్నది కాదు, సరైనది," అన్నాను. సోఫాలో కూర్చుని టీవీలో బ్యాట్స్‌మన్‌కు ఆట నేర్పేవాళ్లను ఎలా చూస్తానో ఆమెనూ అలాగే చూశాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

తొమ్మిది రోజులు ఆ బంతి నా మాట నిలబెట్టింది. కుక్క పోయేది, తెచ్చేది, నా కాళ్ల దగ్గర పెట్టి కూర్చునేది. ఇంటికి వచ్చాక గచ్చు మీద పడి మధ్యాహ్నం దాకా నిద్రపోయేది. గొలుసు తప్పుతుందని నాకు నమ్మకం కుదిరింది. పదో రోజు, డాక్టరు నడవమన్నాడని మా ఆవిడ కూడా ఇసుకలోకి వచ్చింది. ఆమె చూస్తోందని నేను కాస్త జోరుగా, గట్టి నేల మీద కొట్టి విసిరాను. బంతి పైకి లేచింది. కుక్క దానికంటే పైకి లేచి, నోరు పూర్తిగా తెరిచి అందుకుంది. బంతి పళ్లు దాటి, నాలుక దాటి, నేరుగా గొంతుకు అడ్డం పడింది.

కుక్క మొరగలేదు. ముందుకాళ్లతో మూతిని గీరుకుంటూ గుండ్రంగా తిరిగి, ఇసుకలో పడిపోయింది. నేను పరుగెత్తిపోయి నోట్లో వేళ్లు పెట్టాను. చొంగకు బంతి సబ్బులా జారుతోంది. నేను తాకినప్పుడల్లా ఇంకాస్త లోపలికి పోయింది. నాలుక నీలంగా మారింది. వందమంది పిల్లల చేత ఒక్క విజిలుతో చెప్పినట్టు చేయించినవాణ్ణి, దాని పేరు పెట్టి పిలుస్తూ ఉండిపోయాను. నాకు అంత భయం ఎప్పుడూ కలగలేదు.

"తప్పుకో," అంది మా ఆవిడ. నాతో ఎప్పుడూ మీరు అనే మనిషి.

కొంగు బిగించి ఇసుకలో కూర్చుని, కుక్క వీపును తన ఒడికి ఆనించుకుంది. దవడ కింద, గొంతుకు బయటి నుంచి రెండు బొటనవేళ్లు పెట్టి, బంతి వెనక నుంచి నోటివైపుకు నెట్టింది. మొదటిసారి కదల్లేదు. రెండోసారి బంతి బయటికి వచ్చి నా మోకాలి దగ్గర పడింది. కుక్క పెద్దగా ఊపిరి లాగింది. నేను ఏడ్చాను. ఆమె చేతులు చీరకు తుడుచుకుంది.

"చిన్నప్పుడు మా బర్రెకు మామిడి టెంక అడ్డం పడితే మా నాయన ఇట్లే తీసినాడు. లోపల ఏలు పెడితే ఇంకా లోపలికే పోతాది," అంది. బంతిని తీసి నా ముందు పెట్టి అడిగింది. "ఆ బంతి దేనికి కొల్చి కొన్యావు?"

"చేతికి."

"కుక్క చేత్తో పట్టుకుంటాదా?"

ఇంటికి వచ్చాక ఆమె తన గాజుల్లో అన్నిటికన్నా వదులైనది తీసి, ఆ బంతిని అందులోంచి జారవిడిచింది. ఎక్కడా తగలకుండా కిందికి పోయింది.

"గాజులమ్మేటామె ఎప్పుడైనా మణికట్టు కొలుస్తాదా? గుప్పిట ఒత్తి సూస్తాది. అడ్డం పడేది యాడనో ఆడ కొలవాల. ఈ గాజులో దూరే బంతి ఇంట్లోకి తేవద్దు."

మర్నాడు ఆ గాజు జేబులో పెట్టుకుని ప్రొద్దుటూరు పోయాను. ఆ పాత అంగడిలోనే ఒక్కో బంతినీ గాజులో పెట్టి చూస్తుంటే అంగడివాడు పని ఆపి వచ్చాడు.

"ఏంది సార్, బంతులకు గాజులు తొడుగుతాండారా?"

ఇంకెప్పుడైనా ఆ మాట అంటే నేను ఊరుకునేవాణ్ణి కాదు. ఆ రోజు ఇంకా పెద్దవి చూపించమన్నాను. గాజులో పావు వంతు కూడా దిగని బంతి ఒకటి దొరికింది. అటునుంచి ఇటు బెజ్జం ఉంది, నోట్లో ఇరుక్కున్నా గాలి ఆడుతుంది. రబ్బరు నొక్కితే లొంగుతుంది, పీకితే చిరగదు. అది నా గుప్పిట్లో ఇమడలేదు. కింది నుంచి విసరడం నేర్చుకోవలసి వచ్చింది.

మూడు నెలలు నిండాయి. పులివెందుల కారు వచ్చింది. కుక్క లేచి ఒకసారి వాసన చూసి, మళ్లీ మా ఆవిడ కాళ్ల దగ్గరికి వచ్చి పడుకుంది.

"అబ్బ, బుద్ధిమంతురాలైపోయింది సార్," అన్నాడు వాడు. "వచ్చే వారం ఇంట్లో ఫంక్షనుండాది, పెద్దోల్లు వస్తారు. కారు కాడ నిలబెడితే శానా బాగుంటాది. తీస్కపోతా."

దారికి తెస్తే పోగొట్టుకుంటానని నేను అన్ని రోజులూ ఆలోచించనే లేదు. ఇవ్వబుద్ధి కాలేదు. ఉపాయం తోచి ఎర్రదీ కొత్తదీ రెండు బంతులూ బల్ల మీద పెట్టాను.

"దీనికి ఏ బంతి వేస్తావు?"

ఏదైతేనేం సార్ అంటాడని నాకు తెలుసు. అనగానే నాలుగు తిట్టి, కుక్కను ఉంచేసుకోవాలని సిద్ధంగా ఉన్నాను. వాడు అనలేదు. ఎర్ర బంతి తీసుకున్నాడు. భుజం ఎత్తు నుంచి వదిలి చూశాడు. బొటనవేలితో నొక్కాడు. గుప్పిట మూశాడు.

"ఇది సార్."

"ఎందుకు?"

"మొదటి దినమే చెప్పినారు గద, బంతి చేతికి ఇమడాలని. మీరు చెప్పినవన్నీ మర్సిపోయినా సార్. అదొక్కటి మర్సిపోలా."

మా ఆవిడ నా వంక చూడలేదు. చేతి గాజు తీసి, వాడి చేతిలోని బంతిని దాంట్లోంచి వాడి ఒళ్లోకే జారవిడిచింది. "ఇట్లే పోయింది దీని గొంతులోకి," అంది.

"నేను తప్పు చెప్పినాను," అన్నాను. "కుక్క ఈడే ఉంటాది."

వాడు బేరమాడతాడనుకున్నాను. "ఉండనీ సార్," అన్నాడు వెంటనే. "నేను పోయిన నెల్లోనే ఇంకో కుక్కపిల్లను తెచ్చినా." అప్పుడు ఒళ్లో బంతి వంక చూసి, గొంతు తగ్గించాడు. "దానికీ ఇంతే బంతి కొనిచ్చినా సార్. చేతికి సరిగ్గా సరిపోయింది."

నేను లేచి నిలబడ్డాను. "ఫోన్ చెయ్," అన్నాను.

వాడు వాకిట్లో కారు పక్కన నిలబడి ఇంటికి ఫోన్ చేశాడు. ఆ బంతి పిల్ల నోటికి అందకుండా ఎత్తి పెట్టమన్నాడు. అవతల ఎందుకని అడిగినట్టున్నారు. గాజు గురించి గానీ గొంతు గురించి గానీ వాడు చెప్పలేదు.

"ఎందుకో నాకేం తెల్సు. సార్ చెప్పినాడు," అన్నాడు.