కంటిమేస్త్రి గోడ

పనివాళ్లంతా ఆయన్ని కంటిమేస్త్రి అనేవారు. గోడ నిటారుగా లేస్తోందో లేదో చూడటానికి మిగతా మేస్త్రీలు దారానికి ఇనుపగుండు కట్టి వేలాడదీసేవారు. ఆయన మాత్రం ఒక కన్ను మూసి, తల కాస్త వంచి చూసేవాడు. అంతే. ఆ తర్వాత ఎవరు గుండు వేసినా దారం గోడని అంటిపెట్టుకునే దిగేది. "గుండు కళ్లు లేనోళ్లకిరా" అని వెక్కిరించేవాడు. ఆయన గుండు సంచి అడుగున తుప్పుపట్టి పడి ఉండేది.

ఆ చలికాలం జలుబు ఛాతీలోకి దిగింది. జ్వరం, ఆయాసం, దిండ్లు ఎత్తు పెట్టుకుని కూర్చునే నిద్ర. మందులకి జ్వరం పోయింది, దగ్గూ పోయింది. తల తిరగడం మాత్రం మిగిలింది. గిర్రున తిరగడం కాదు. పడవ దిగినవాడికి ఒడ్డు కూడా ఊగినట్టు, ఎప్పుడూ నేల ఓ పక్కకి ఒరిగినట్టుండేది.

"ఆ జబ్బు పోతూ పోతూ చెవి లోపలి నరాన్ని దెబ్బతీసింది. మనిషిని నిలబెట్టేది అదే," అన్నాడు డాక్టరు. "తగ్గొచ్చు. తగ్గకపోనూవచ్చు. ఎత్తులు మాత్రం ఎక్కకండి."

ఇంటికొచ్చి భార్యతో "తగ్గుతుందన్నాడు" అని మాత్రమే చెప్పాడు. మర్నాడే పనికి పోయాడు.

పెళ్లయినప్పట్నుంచీ పనిలో ఆయనకి తోడు భార్య తమ్ముడే. మూడో అంతస్తుకి మెట్లెక్కుతుంటే వెనక నుంచి నవ్వాడు.

"ఏం బావా, కొత్త పెళ్లికూతురిలా నడుస్తున్నావ్?"

"మీ అక్క వంట తిని మెట్లెక్కడమంటే మాటలా!"

గోడ సగం లేచింది. ఒక కన్ను మూసి చూస్తే బయటికి ఒరుగుతోంది. వరుస వరుసకీ ఇటుకల్ని తాపీ పిడితో కొంచెం కొంచెం లోపలికి తట్టాడు. బావమరిది గోడ అడుగునే కూర్చుని సిమెంటు కలిపి అందిస్తున్నాడు. ఒకసారి తట్ట ఎత్తబోతూ పైకి చూసి ఆగిపోయాడు.

"బావా, గోడ లోపలికొస్తోంది."

"నీ మొహం. బయటికి పోతుంటే నేనే సరిచేస్తున్నా."

బావమరిది లేచాడు. సంచి అడుగు నుంచి గుండు తీసి, పై ఇటుక నుంచి లోపలి వైపు వదిలాడు. గుండు కిందికి చేరేసరికి గోడకీ దారానికీ మధ్య పిడికిలి పట్టేంత సందు.

"ఆ గుండు పాడైపోయినట్టుంది," అన్నాడు కంటిమేస్త్రి.

"ఇనుపముక్క పాడవడమేంటి బావా?"

ఇద్దరికీ నవ్వు రాలేదు. ఆయన దగ్గరికొచ్చి దారాన్ని చూశాడు. గాలి లేదు, గుండు కదలడం లేదు. అయినా ఆయన కంటికి ఆ దారమే వాలుగా కనిపించింది. అప్పుడు తాపీ కింద పెట్టాడు.

"ఎప్పట్నుంచి?"

"దగ్గు తగ్గినప్పట్నుంచి."

"అక్కకి తెలుసా?"

తల అడ్డంగా ఊపబోయి, ఊపితే తిరుగుతుందని ఆపేశాడు. "లేదు."

బావమరిది తను కూర్చున్న చోటు చూశాడు, పైన పచ్చిగోడ చూశాడు. "నేను దాని కిందే ఉన్నా కదా బావా," అన్నాడు నెమ్మదిగా. తిట్టినా బాగుండేది.

గోడ తనే విప్పుతానన్నాడు కంటిమేస్త్రి. బావమరిది వద్దన్నాడు. కింద పెట్టిన తాపీ తనే తీసుకుని, ఆయన చంకలో చెయ్యేసి కిందికి దించాడు. సగం మెట్లు ఆయన చంటిపిల్లాడిలా కూర్చునే దిగాడు. ఆ సాయంత్రం బావమరిదే అక్కకి అంతా చెప్పాడు.

ఎండలు ముదిరాయి. బావమరిది ఇంకో మేస్త్రితో కలిశాడు. ఒకసారి వచ్చి "ఇటుకలు తడుపుదువుగాని రా బావా, కిందే" అన్నాడు. "చూద్దాంలే," అన్నాడాయన. మళ్లీ ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు ఆ గుండుకి తుప్పు లేదు. ఇసుకతో తోమాడు. పొద్దున్నే గుమ్మంపైన మేకుకి వేలాడదీసి, ఎదురుగా పీటేసుకుని, ఒక కన్ను మూసి చూస్తూ కూర్చుంటాడు.

"ఇవాళెలా ఉంది?" అంటుంది భార్య నీళ్లబిందెతో వస్తూ.

"వాలే ఉంది."

ఆమె బిందె చంకకి హత్తుకుని, దారానికి తగలకుండా పక్కగా లోపలికి పోతుంది.