పసుపు పూసిన తూటాలు

మా నాన్న ఒకచోట కుదురుగా కూర్చునే మనిషి కాదు. రంగూన్ లమ్మడాలో మా పప్పుల కొట్టు మూతబడి, దాని పైనున్న రెండు గదుల్లో అందరం ఇరుక్కున్న ఆ ఎనభై ఎనిమిది వానాకాలంలో అయితే మరీను. కిటికీ దగ్గరికి వెళ్లేవాడు, వెనక్కి వచ్చేవాడు, రేడియో పెట్టేవాడు, కట్టేసేవాడు. నాకప్పుడు ఇరవై ఏళ్లు. కాలేజీ మూసేశారు కాబట్టి నాకూ అదే పని. ఇద్దరం ఒకరికొకరం అడ్డం తగులుతూ తిరుగుతుంటే నానమ్మ విసుక్కునేది.

"కాలుగాలిన పిల్లిలా ఏటే ఆ తిరుగుడు? కూకోరాదా?"

ఆమె మాత్రం గడప పక్కన కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతూనే ఉండేది.

జనం తిరగబడ్డారు, సైన్యం కాల్చింది, ఆ తర్వాత ఆఫీసులు ఖాళీ అయ్యాయి, పోలీసులు మాయమయ్యారు. ప్రతి సందు మొదట్లో వెదురు గేటు కట్టుకుని వీధివాళ్లే కాపలా కాసేవారు, ఎవరైనా వచ్చిపడితే రేకు డబ్బాలు మోగించేవారు. వాళ్ల చేతుల్లో కత్తులు, ఈటెలు, సైకిల్ చువ్వలు సానబెట్టి చేసిన బాణాలు ఉండేవి. ఫలానా చోట గోదాము కొల్లగొట్టారని రోజూ ఒక వార్త. మా గోదాములో కందులు, మినుములు ఉన్నాయి. అవి పోతే మా బతుకు వీధిన పడినట్టే.

అప్పుడు నాన్న దృష్టి మా తాత రివాల్వర్ మీద పడింది. జపాను యుద్ధంలో ఎవరో తెల్లదొర పారిపోతూ తాతకు అప్పగించి వెళ్లాడట. ప్రభుత్వానికి తెలిస్తే జైలే, అందుకని కందుల డబ్బా అడుగున ఉండేది. ఒక్క దసరా రోజున బయటికి వచ్చేది. తక్కెడ, తూనికరాళ్ల పక్కన దాన్నీ పెట్టి, దానికీ దాని తూటాలకీ నానమ్మ నువ్వులనూనె రాసి, పసుపు పూసి, బొట్టు పెట్టేది. ఆయుధపూజలో ఆమెకు ఏ ఇనుమైనా ఒకటే.

ఆ తూటాలు పేలతాయో లేదో చూపించడానికి చౌక్తడా వెనకసందుకు వెళ్లాం. అక్కడ కుట్టుమిషన్లు బాగుచేసే బర్మా ముసలాయన ఒకప్పుడు సైన్యంలో తుపాకుల పని చేశాడు. నాన్న ఆయన్ని సయా అని పిలిచేవాడు, అంటే గురువుగారు అని. ఆయన ఒక తూటా తీసి గోటితో గీకాడు, వాసన చూశాడు.

"వీటితో కూర వండుకున్నారా?" అన్నాడు.

ఏళ్లతరబడి నూనె లోపలికి దిగి మందు చచ్చిపోయిందని చెప్పాడు. నాన్న మొహం మాడిపోయింది. మింగళాడోన్ వైపు సైనికుల దగ్గర కొత్తవి చాటుగా దొరుకుతాయట, కానీ వాటి ధర వింటేనే నాన్నకు దగ్గొచ్చింది. లేదంటే ఈ పాత గొట్టాల్లోనే మళ్లీ మందు నింపాలి. చవకే, కానీ పేలతాయని ఆయన హామీ ఇవ్వడు. నాన్న చవకదే ఒప్పుకున్నాడు. పగుళ్లు లేని గొట్టాల కోసం ఒక్కోదాన్ని తిప్పి, నొక్కి, వంకాయలు ఏరినట్టు ఏరాడు. నాలుగు తేలాయి. అంతకు ముందు ఏడాదే ప్రభుత్వం నోట్లు చెల్లవనేసరికి కాగితాన్ని ఎవరూ నమ్మడం లేదు. ఒక డబ్బా నువ్వులనూనెకు బేరం కుదిరింది.

ఇచ్చేటప్పుడు ముసలాయన గట్టిగా చెప్పాడు, చేత్తో నింపినవి కాబట్టి నూనె తగిలితే ఇట్టే చచ్చిపోతాయని, ఇకనైనా తగలనివ్వొద్దని. నాన్న ఇంటికి రాగానే ఆ మాటే నానమ్మకు అప్పజెప్పాడు.

"అమ్మా, నూనె తగిల్తే ఇవి సచ్చిపోతాయంట. నువ్వు ముట్టుకోకు."

"సరేలేరా," అంది నానమ్మ.

నాన్న రాత్రంతా గేటు దగ్గర ఉండి పగలు పడుకునేవాడు. రివాల్వర్ గుడ్డసంచిలో మేకుకు వేలాడేది. అది ఇంట్లో ఉన్నంతసేపూ నాకు కాలూ చెయ్యీ ఆడేది కాదు. వీధిలో ఏ రేకు డబ్బా మోగినా ముందు ఆ మేకు వైపే చూసేదాన్ని.

ఒకనాడు మధ్యాహ్నం గేటు దగ్గర డబ్బాలు ఒకటే మోత. నాన్న ఉలిక్కిపడి లేచి, సంచి తగిలించుకుని కిందికి పరిగెత్తాడు. అప్పుడు చూశాను. దేవుడి మూల గిన్నెలో పసుపు కలిపిన నూనె ఉంది, పక్కన తుడిచిన గుడ్డ ఉంది.

"ఏటిది నానమ్మా? దసరా ఇంకా రాలేదు కదా?"

"పసుపు ఎట్టకుండా ఇనుము గడప దాటకూడదే."

"నాన్న వద్దన్నాడు కదా!"

"మీ నాన్న పుట్టకముందు నుంచి ఎడతన్నాను. నాకు సెప్పొచ్చావు."

నాకు ఒళ్లు మండిపోయింది. కత్తుల ముందు మా నాన్న ఉత్త ఇనపముక్క పట్టుకుని నిలబడ్డాడు. చెప్పేద్దామని చెప్పులైనా లేకుండా దిగిపోయాను.

కానీ వచ్చింది దొంగలు కాదు. గేటు లోపల ఒక కుర్రాడిని మోకాళ్ల మీద కూర్చోబెట్టారు. వాడి సంచిలో ఏదో తెల్లపొడి పొట్లం దొరికిందట. దారినపోయేవాళ్ల కోసం ఇళ్ల ముందు పెట్టే మంచినీళ్ల కుండల్లో విషం కలుపుతున్నారని ఊరంతా పుకారు. మాకు రోజూ టీ పోసే కొట్టాయనే గేటుకు పెద్ద. ఆయన మామూలు గొంతుతోనే నాన్నతో అన్నాడు.

"కత్తితో అయితే చాలాసేపు పడుతుంది. మీ దగ్గర తుపాకి ఉంది. మీరు మావాళ్లో, ఉత్త కలాలో ఇవాళ తేలిపోతుంది."

కలా అంటే మాలాంటి ఇండియావాళ్లను బర్మావాళ్లు అనే మాట. నాన్న చుట్టూ చూశాడు. నన్నూ చూశాడు. కాదంటాడనే అనుకున్నాను. ఆయన రివాల్వర్ తీసి కుర్రాడి తలకు గురిపెట్టి నొక్కాడు. టక్కుమంది. మళ్లీ నొక్కాడు. మళ్లీ టక్కుమంది. కుర్రాడు లుంగీ తడుపుకున్నాడు. ఎవరో నవ్వారు. నాకు భయం కన్నా సిగ్గు ఎక్కువ వేసింది.

ఆ సందడికి పక్క మఠంలోని ముసలి పొంజీ, అంటే అక్కడి బౌద్ధ సన్యాసి, జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. పొట్లం విప్పి వేలితో నాలుకకు రాసుకున్నాడు. పళ్లపొడి. ఆయన కుర్రాడిని రెక్క పట్టుకుని లేపి మఠానికి తీసుకుపోయాడు.

ఇంటికి వచ్చి నాన్న చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. "నేను నొక్కాను. రెండుసార్లు నొక్కాను," అని నాతో అన్నాడో, గోడతో అన్నాడో. కూర్చున్నాడు. అంత కదలకుండా ఆయన కూర్చోవడం నేను ఎన్నడూ చూడలేదు. తర్వాత దేవుడి మూలనున్న గిన్నె ఆయన కంటబడింది.

"అమ్మా, నూనె తగిల్తే సచ్చిపోతాయని నీకు సెప్పాను గదా."

నానమ్మ బియ్యంలో నుంచి తలెత్తలేదు.

"సెప్పావు గదరా. అందుకే ఎట్టాను."