మూరెడు ఆస్టిన్

గుంటూరు బ్రాడీపేటలో పళ్ళ డాక్టర్లు ఎంతమందో లెక్క తేలదు గానీ, వాళ్ళలో చాలామంది పేషెంట్లకు పెట్టే పళ్ళ సెట్లు తయారయ్యేది ఒక మేడ మీద, రెండు చిన్న గదుల్లో. ఆ ల్యాబు హెలెన్‌ది. కింద ఇల్లు, పైన ల్యాబు. ఇరవై నాలుగేళ్ళుగా ఆమె చేసేది ఒకటే పని. డాక్టరు పంపిన నోటి అచ్చు చూసి, ఆ మనిషి మొహం కూడా చూడకుండా, అతనికి సరిపోయే పళ్ళు చేసి పంపడం. కూరగాయల బండి దగ్గర ఎవరైనా పెద్దాయన బేరమాడుతూ నవ్వితే చాలు, "ఆ ముందు నాలుగూ నావే" అని మనసులో అనుకుని మురిసిపోతుంది.

ఒక సోమవారం పొద్దున డాక్టర్ శ్యామ్ సుందర్ తనే మెట్లెక్కి వచ్చాడు. ఎప్పుడూ కాంపౌండరుతో అచ్చులు పంపించేవాడు కాస్తా, చంకలో పెద్ద అట్టపెట్టెతో ఆయాసపడుతూ నిలబడ్డాడు.

"ఏంటి డాక్టరుగారూ, ఏనుక్కి పళ్ళు కట్టాలా?" అంది హెలెన్.

"పళ్ళు కాదండీ. మా తాతగారి కారు."

పెట్టె తెరిచాడు. లోపల మూరెడు పొడుగు కారు. వెనకటి ఆస్టిన్ నమూనా, అసలు దానిలో సరిగ్గా ఎనిమిదో వంతు. పైదేశం నుంచి కిట్టుగా, ముక్కలు ముక్కలుగా తెప్పించి, ఆర్నెల్లు కూర్చుని అతికించాడట. బాడీ బాగుంది, టైర్లు బాగున్నాయి. చిన్న చిన్న సామాన్లే దిగదుడుపు. తలుపు పిడి అన్న చోట ఒక ప్లాస్టిక్ బొడిపె, దీపాలన్న చోట రెండు వెండిరంగు చుక్కలు.

"జ్ఞానదంతం పీకేటప్పుడు కూడా వణకని చెయ్యండీ నాది. ఈ పిడి చేద్దామని కూర్చుంటే మూడుసార్లు విరగ్గొట్టాను. మీరేమైనా చేయగలరా?"

హెలెన్ స్కేలు పెట్టి చూసింది. నిజం కారు మీద బెత్తెడు పిడి ఉంటే ఇక్కడ పన్నెండు మిల్లీమీటర్లు. ఆమెకు నవ్వొచ్చింది. దవడ పన్నంత! ఇన్నేళ్ళుగా తను పొద్దున లేచి పనిచేస్తున్నది సరిగ్గా ఆ సైజులోనే.

ఆ సాయంత్రమే మైనంతో నాలుగు పిడులు చెక్కింది. మైనం చుట్టూ నీళ్ళలో కలిపిన అచ్చు పొడి పోసి, గట్టిపడ్డాక కొలిమిలో పెడితే మైనం కరిగి పోతుంది. ఆ ఖాళీలోకి కరిగిన లోహం పోస్తే పన్నయినా, పిడయినా ఒకటే. మూడోనాడు డాక్టరు వచ్చి చూసి, మెరుస్తున్న ఆ పిడిని గోటితో తాకి, కారుని ఆమె వైపు జరిపాడు.

"హెలెన్ గారూ, ఇక ఈ కారు మీ దగ్గరే ఉండనివ్వండి" అన్నాడు.

అలా ఉండిపోయింది, పధ్నాలుగు నెలలు. పిల్లల ఎత్తుపళ్ళు సరిచేయడానికి క్లిప్పులు వేస్తారే, ఆ సన్న తీగ చక్రాలకి పుల్లలయింది. ఒక్కో చక్రానికి యాభై దాకా పట్టాయి. కట్టుడు పళ్ళకి వాడే పారదర్శకమైన పదార్థం దీపాలకి అద్దమయింది. పళ్ళకి మెరుగుపెట్టే పొడితో రేడియేటర్ చుట్టూ ఉన్న పట్టీకి మెరుగొచ్చింది.

ఇబ్బంది పెట్టింది ఒక్క ఆదామే. ఆదాం ఆమె భర్త. మిర్చి యార్డులో కమీషన్ కొట్టు గుమాస్తా. సీజన్లో అతను వీధి మలుపు తిరిగాడంటే ఇంట్లోవాళ్ళకి తుమ్ములొస్తాయి. హెలెన్ కారుకి మీగడ రంగు వేసి ఆరబెట్టిన రోజున, అది చూద్దామని అతను యార్డు నుంచి నేరుగా పైకొచ్చి, చెమట పట్టిందని చొక్కా విప్పి దులిపాడు. అంతే. మీగడ మీద కారం చల్లినట్టు కారంతా ఎర్రచుక్కలు.

"బాగుంది. కారుకి తట్టు పోశారు" అంది హెలెన్.

ఆదాం చొక్కా ఉండచుట్టుకుని కిందికి దిగిపోయాడు. రంగంతా గీకి మళ్ళీ వేయడానికి వారం పట్టింది. ఆ వారం నుంచి అతను పెరట్లో పంపు కింద స్నానం చేసిగానీ మెట్లెక్కడం లేదు.

పైపై పని అయ్యాక అసలు చిక్కొచ్చింది. తాతగారి కారు అచ్చంగా ఎలా ఉండేదో ఎవరికీ తెలియదు. డాక్టరు దగ్గరున్నది ఒక్కటే ఫోటో. అందులో పొగాకు వ్యాపారం చేసే తాతగారు బానెట్ మీద చెయ్యేసి నిలబడ్డారు. ఆయన పంచె, కండువా కలిసి సగం కారుని కప్పేశాయి.

"అమానుల్లా గారిని అడగాలండీ. ఆ కారు నడిపింది ఆయనే. అద్దంకిలో కూతురు నజ్మీన్ దగ్గర ఉంటున్నారు" అన్నాడు డాక్టరు.

ఆ ఆదివారం చర్చి అయ్యాక హెలెన్, ఆదాం బస్సెక్కారు. చిలకలూరిపేట దాటాక రోడ్డుకి రెండు పక్కలా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఇల్లు వెతుక్కోనక్కర్లేకుండా నజ్మీన్ టైలరింగ్ అని బోర్డు కనిపించింది. ఎనభై అయిదేళ్ళ అమానుల్లా అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆస్టిన్ అన్న మాట వినగానే లేచి నిలబడి, రెండు చేతులూ స్టీరింగు పట్టుకున్నట్టు గాల్లోకి పెట్టాడు. గంటన్నర ఆపకుండా మాట్లాడాడు.

ఆ మాటల్లో హెలెన్‌కి సగం అర్థం కాలేదు. ఆయనకి ఒక్క పన్ను లేదు. 'స' అన్నా 'చ' అన్నా 'హ' అనే వినిపిస్తోంది. "ముందర నీళ్ళ హంహి ఉండేదమ్మా, అది లేకుండా ఎండాకాలం బండి బయటికి తీహేవాణ్ణి కాదు" అన్నాడు నాలుగుసార్లు. నీళ్ళ పంచె అని రాసుకుంది హెలెన్. ఇంటికొచ్చి ఆలోచిస్తే సబబుగానే తోచింది. ఎండలో ఇంజను వేడెక్కకుండా తడిపిన పంచె ముందర కట్టేవారు కాబోలు. పల్చటి మల్లుగుడ్డ తెచ్చి, జరీ దారంతో అంచు కుట్టి, వేలెడంత పంచె చేసి రేడియేటరుకి చుట్టింది.

రెండోసారి వెళ్ళినప్పుడు కారుని కూడా తీసుకెళ్ళింది. అమానుల్లా ఆ పంచె చూసి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ చూశాడు, ఏదో అని పొట్ట పట్టుకుని నవ్వాడు. నజ్మీన్ కుట్టుమిషను ఆపి బయటికొచ్చింది.

"పంచె కాదంటున్నారు మేడమ్. సంచి అట. నీళ్ళ సంచి. గుడ్డ సంచిలో నీళ్ళు పోసి ముందర వేలాడదీసేవారట."

హెలెన్‌కి నవ్వాగలేదు. నవ్వు తగ్గాక ఆయన దవడల వంక, చిగుళ్ళ వంక అలవాటుగా చూసింది. ఇన్ని మాటలు ఇలా గాలికి పోతున్నాయే అనిపించింది.

"అమానుల్లా గారూ, గుంటూరు వస్తారా? ముందు మీ పని చూస్తాను. కారు సంగతి తర్వాత."

నజ్మీన్ తండ్రిని గుంటూరు తీసుకొచ్చింది. శ్యామ్ సుందర్ అచ్చులు తీశాడు, హెలెన్ సెట్టు చేసింది. జీవితంలో మొదటిసారి, ఎవరికి చేస్తోందో తెలిసి చేసింది. అంత పెద్దమనిషికి మరీ తెల్లటి వరస నప్పదని, కాస్త పాతబడ్డ రంగు ఎంచి, కింద ఒక పన్ను రవ్వంత పక్కకి తిప్పి పెట్టింది.

సెట్టు అలవాటవడానికి నెల పట్టింది. ఆ తర్వాత అమానుల్లాని ఆపడం ఎవరి తరమూ కాలేదు. వారానికోసారి ఫోను. ఒక్కో మాటా గంట కొట్టినట్టు వినిపించేది.

"హారన్ కుడి పక్కన పెట్టావు. ఎడమ పక్కన ఉండాలి, రాసుకో. హ్యాండిల్ పెట్టి తిప్పే చోట ముందర చిల్లు ఏదీ? అది లేకపోతే బండి స్టార్టెలా అవుతుంది? తలుపు పక్క స్తంభంలోంచి రెక్క లేచేది, మలుపు తిరగబోతున్నామని చెప్పడానికి. ఎడమ రెక్క లేచేది కాదు, పిడికిలితో గుద్దేవాణ్ణి."

"గుద్దితే లేచేదా?"

"రెండు దెబ్బలకి."

హెలెన్ చిగుళ్ళకి వాడే గులాబిరంగు పదార్థంలో కాస్త పసుపు కలిపి అగ్గిపుల్ల విరుపంత నారింజ రెక్క చేసింది, లేచేట్టుగా. మడ్‌గార్డులు అతికించడం తప్పన్నాడాయన, మరలతో బిగించాలన్నాడు. అవి ఊడదీసి నువ్వుగింజంత మరలు పెట్టింది. నీళ్ళ సంచి మాత్రం నజ్మీన్ కుట్టి పంపింది. విసుగు పుట్టాల్సింది గానీ, వారమంతా ఆ ఫోను కోసం ఎదురుచూసేది హెలెన్. ఎవరూ కనిపెట్టని తప్పుని కనిపెట్టే మనిషి దొరికితే పనిలో ఎంత హుషారుంటుందో ఆమెకి అంతకుముందు తెలియదు.

చివరగా ఒకరోజు, "ఎడమ మడ్‌గార్డు మీద సొట్ట ఉండేదమ్మా" అన్నాడు.

"ఎలా పడింది?"

"పత్తి బండి తగిలింది. నేనే గుద్దాను" అని ఠక్కున ఫోను పెట్టేశాడు.

ఈ సంగతి డాక్టరుతో చెబితే ససేమిరా అన్నాడు. "అమ్మకి చూపించాలని చేయిస్తున్నానండీ. సొట్టబోయిన కారు ఎందుకు? షోరూములోంచి వచ్చినట్టుండాలి." కారు ఆయనది కాబట్టి హెలెన్ ఊరుకుంది.

డాక్టరు తల్లి, అంటే ఆ ఫోటోలోని తాతగారి కూతురు, రాజ్యం గారికి ఎనభై ఒకటి. ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలకి అందరినీ పిలిచారు. అమానుల్లా ఇస్త్రీ చొక్కాతో వచ్చి, "బాగున్నారా అమ్మాయిగారూ" అని చేతులు జోడించాడు. ఆవిడ "పళ్ళు బాగున్నాయయ్యా" అన్నారు. హెలెన్ బల్ల మీద కారు పెట్టి పైగుడ్డ తీసింది.

రాజ్యం గారు బల్ల చుట్టూ నెమ్మదిగా నడిచారు. తలుపు తెరిచారు, మూశారు. వంగి వాసన కూడా చూశారు.

"చాలా బాగుందమ్మా. కానీ ఇది మా కారు కాదు."

డాక్టరు మొహం వాడిపోయింది.

"ఎడమ మడ్‌గార్డు మీద సొట్ట ఏదీ?"

"నేనే వద్దన్నానమ్మా. అమానుల్లా గారు గుద్దేసిన సొట్ట కదా అని."

"అమానుల్లా గుద్దాడని నీకెవరు చెప్పారు?"

అందరూ అమానుల్లా వంక చూశారు. ఆయన ఫ్యాను వంక చూస్తున్నాడు.

"ఏమయ్యా, ఇన్నేళ్ళయినా ఇంకా అదే చెబుతున్నావా?"

"మాటిచ్చాను కదండీ, అమ్మాయిగారూ."

రాజ్యం గారు కుర్చీలో కూర్చుని నవ్వడం మొదలెట్టారు. పెళ్ళికాక ముందు, తండ్రి మధ్యాహ్నం కునుకు తీసే వేళ చూసి, వాళ్ళమ్మని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని, అమానుల్లా దగ్గర డ్రైవింగు నేర్చుకునేవారట. మూడోనాడు నరసరావుపేట రోడ్డు మీద పత్తి బండి ఎదురొచ్చింది. బ్రేకనుకుని తొక్కింది బ్రేకు కాదు. గుద్దిన అదురుకి బండి మీది పత్తి బోరెం ఒకటి జారి బానెట్ మీద పడింది. తల్లీకూతుళ్ళిద్దరూ వణికిపోతుంటే అమానుల్లా నేనే గుద్దానని చెబుతానన్నాడు.

"నాన్న వారం రోజులు ఇతన్ని కారు ముట్టుకోనివ్వలేదు. ఆ వారం నాకు అన్నం సయించలేదు."

"నేను బాగానే తిన్నానండీ" అన్నాడు అమానుల్లా. "అమ్మగారు రోజూ గారెలు పంపేవారు."

డాక్టరు నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. "అమ్మా, నీకు డ్రైవింగ్ వచ్చా?"

"రానిస్తేగా! మూడు రోజులే."

హెలెన్ సంచిలోంచి సన్నటి స్క్రూడ్రైవరు తీసింది. "కాస్త మరిగే నీళ్ళు, ఒక చెంచా ఇప్పిస్తారా?"

"ఇక్కడా? ఇప్పుడా?" అన్నాడు డాక్టరు. ఎవరూ పట్టించుకోలేదు. మడ్‌గార్డు మరలు విప్పి, పటకారుతో పట్టుకుని నీళ్ళలో ముంచింది. ప్లాస్టిక్ మెత్తబడ్డాక చెంచా వెనక భాగం ఆనించింది. డాక్టరు గోడవైపు తిరిగాడు.

"దీపానికి దగ్గరగా అమ్మా. ఇంకాస్త లోతు" అన్నాడు అమానుల్లా.

"అంత లోతెక్కడయ్యా? అంత వేగం పోయానా నేను?"

"పోయారండీ."

"హెలెన్, ఇతని మాట వినకు."

హెలెన్ ఇద్దరి మధ్యా ఒక లోతు చూసుకుని బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కింది. అంచున మీగడ రంగు చిన్న పెచ్చు లేచింది. అయ్యో అని ఆమె రంగు సీసా కోసం సంచిలో చెయ్యి పెట్టబోతే, ముసలివాళ్ళిద్దరూ ఒక్కసారే "ఉండనీ" అన్నారు. రాజ్యం గారు ఆ పెచ్చూడిన చోట చూపుడువేలు పెట్టి, కాసేపు అలాగే ఉంచారు. తర్వాత అందరినీ భోజనానికి లేవమన్నారు.

ఆ కారు ఇప్పుడు రాజ్యం గారి గదిలో, ఆవిడ మందుల బల్ల మీద ఉంది. ఇంటికొచ్చినవాళ్ళకి ఆవిడ ముందు సొట్ట చూపించి, తర్వాత మిగతా కారు చూపిస్తారట.

హెలెన్ బల్ల మాత్రం ఖాళీగా లేదు. ఆస్టిన్ అమ్మేశాక అమానుల్లా ఇరవయ్యేళ్ళు చీమకుర్తి క్వారీల నుంచి రాళ్ళు మోసిన లారీని మొదలెట్టింది. ఈసారి కిట్టూ లేదు, ఫోటో కూడా లేదు. ఛాసిస్ నుంచి టాపు దాకా అంతా తన చేత్తోనే. మొన్న ఫోన్లో ఆయన ముందు భాగం కొలతలన్నీ చెప్పి, దండ ఎక్కడ వేలాడేదో, నిమ్మకాయ ఎక్కడ కట్టేవాళ్ళో కూడా రాయించాడు.

"వెనక తలుపు మీద ఏం రాసి ఉండేదండీ?" అని అడిగింది హెలెన్.

అమానుల్లా గొంతు తగ్గించాడు. "పక్కన నజ్మీన్ ఉందమ్మా. అది కొట్లోకి వెళ్ళాక మళ్ళీ ఫోను చేసి చెబుతాను."