పక్క స్ట్రెచర్ మీది మనిషి

పాతికేళ్లుగా ఒక మనిషి చావును మోస్తున్నాను. తుపాకీతో చంపలేదు. నేను సైన్యంలో నర్సింగ్ అసిస్టెంట్‌ని, గాయాలకు కట్లు కట్టేవాడిని. ఈ సంగతి నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. పిరికితనమనుకుంటే అనుకోండి.

యుద్ధం జరుగుతున్న రోజులు. కొండ కింద గుడారంలో మా వైద్య శిబిరం. ఆ మధ్యాహ్నం పైనుంచి గాయపడినవాళ్లను వరసగా దింపుతున్నారు. డాక్టర్‌కు తల ఎత్తే తీరిక లేదు. పెద్దాసుపత్రికి పోయే బండిలో ఇంకొక్క స్ట్రెచర్‌కే చోటుంది, ఎవరిని ఎక్కించాలో నువ్వే చూడమని లోపలినుంచి కేకేశాడు. నా ముందు ఇద్దరున్నారు. ఒకడు యాదగిరి. మోకాలి కింద ఎముక బయటికొచ్చి, అన్నా, సచ్చిపోతున్ననే అని తెలుగులో అరుస్తున్నాడు. రెండో అతనిది ఏ రాష్ట్రమో. కడుపులో ఇనుప ముక్క దిగింది. అరవడం లేదు. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది, నాడి దొరికీ దొరకనట్టుంది.

మాకు మొదట్లోనే నేర్పే పాఠం ఒకటుంది. అరిచేవాడు ఆగగలడు, అరవనివాడిని ముందు చూడు. నాకు తెలియక కాదు. తెలుసు. నెలల తరబడి తెలుగు మాట చెవిన పడని చోట ఒకడు అన్నా అని పిలిస్తే, నేర్చుకున్నదంతా గంగలో కలిపి నా కాళ్లు అటే పోయాయి. యాదగిరిని ఎక్కించాను. బండి తిరిగొచ్చేలోపు రెండో అతను పోయాడు. డాక్టర్ అడిగితే, తెచ్చేసరికే ప్రాణం లేదన్నాను. ఆయన నమ్మాడు.

యాదగిరిని ఆపి ఉంటే? కాలు పోయేదేమో. ప్రాణం పోయేది కాదు. ఎన్నిసార్లు ఆలోచించినా ఇక్కడికే వచ్చి ఆగుతాను.

యాదగిరి ఇప్పుడు ఉప్పల్‌లో ఉంటాడు. మల్లాపూర్‌లో ఒక ఫ్యాక్టరీకి సెక్యూరిటీ సూపర్‌వైజర్. ప్రతి దసరాకూ నాచారంలో మా ఇంటికొచ్చి, జమ్మి ఆకు నా చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతాడు. ప్రాణం పోసిన దేవుడినట! నేను తేలు కుట్టిన దొంగలా ఊరుకుంటాను. వాడు మెట్రో మెట్లు చకచకా ఎక్కుతుంటే సంతోషమే, అబద్ధమాడను. ఆ సంతోషాన్ని చూసుకుంటేనే నాకు ఒళ్లు మండుతుంది.

మొన్న ఆదివారం కూతుర్ని తీసుకొచ్చాడు. స్రవంతి నర్సింగ్ చదివింది, మిలిటరీలో సెలెక్టయింది. నన్ను చూసే ఈ దారి పట్టానంది. నా భార్య చాయ్ ఇచ్చి వంటింట్లోకి వెళ్లింది. అప్పుడడిగింది స్రవంతి.

"పెద్దనాయినా, ఒక్కసారే మస్తుమందిని తెస్తే ఎవర్ని ముందు సూడాలె?"

"అరిసెటోన్ని కాదు బిడ్డా. సప్పుడు జేయకుండ పడున్నోని దగ్గరికి ముందు ఉరుకు."

ఆ పిల్ల చాయ్ కప్పు కింద పెట్టింది.

"మరి బాపు బాగ అరిసిన అంటడు గదా? బాపునెట్ల ముందు పంపిన్రు?"

యాదగిరి నా వైపే చూస్తున్నాడు. వాడికి కూడా ఈ అనుమానం ఎన్నడైనా వచ్చిందా? వచ్చినా అడగలేకపోయాడా?

"పక్కోడు అప్పటికే పోయిండు బిడ్డా" అన్నాను.

అదే అబద్ధం, రెండోసారి. యాదగిరి ఊపిరి పీల్చుకున్నాడు. స్రవంతి కాళ్లకు మొక్కింది, ఆమె తల మీద చెయ్యి పెట్టాను. ఆ చెయ్యి పెట్టే అర్హత నాకెక్కడిది?

యాదగిరి మనసు విరిగిపోతుందనే దాచానని సర్దిచెప్పుకున్నాను. ఉత్తమాట. కాళ్లు మొక్కించుకోవడం నాకు అలవాటైపోయింది, అదీ నిజం.

ఆ పిల్ల వచ్చే వారమే పోతోంది. పాఠం చెప్పాను, పాఠం తెలిసినవాడు ఎక్కడ తప్పుతాడో చెప్పలేదు. రేపు ఏ గుడారంలోనో ఎవరో ఆమెను అక్కా అని తెలుగులో పిలుస్తారు. పక్కన ఒకరు చప్పుడు చేయకుండా పడుంటారు. అప్పుడామె ఎటు పోతుంది? ఆమెకు ఈ మాట చెప్పే ధైర్యం నాకింకా రాలేదు.

మీకు చెబుతున్నాను. అతను అప్పటికి బతికే ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాడు. బండికి అడ్డంగా ఉందని అతని స్ట్రెచర్‌ను నేనే పక్కకు జరిపాను.